రిపోర్టులో "రియాక్టివ్" అని రాశారు, నోడ్స్ 24లో 3 పాజిటివ్ – తెలిసినవాళ్లు చెప్పండి

బ్రాడీపేట_4వలైను | శుక్రవారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండు నెలలుగా చదవడమే తప్ప రాయలేదు. నాన్నకి 61. మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమస్తా. సంక్రాంతి ముందు నుంచీ తిన్నది తిన్నట్టు వాంతి అయిపోతుంటే గ్యాస్ అనుకుని మందుల షాపులో బిళ్లలు కొనుక్కుని నెలన్నర నెట్టుకొచ్చాడు. చివరికి గొట్టం వేసి చూస్తే పొట్ట అడుగున, పేగు మొదలయ్యే చోట పుండు, ముక్క తీసి పంపితే క్యాన్సర్. దారి దాదాపు మూసుకుపోయింది, ముందు కీమో పెట్టి ఆగేంత టైం లేదని విజయవాడలో ఆపరేషన్ చేసి పొట్ట మూడొంతులు తీసేశారు. ఇవాళ్టికి పందొమ్మిదో రోజు. జావ, మెత్తటి ఇడ్లీ తింటున్నాడు.

పెద్ద బయాప్సీ రిపోర్టు సాయంత్రం వచ్చింది, డాక్టర్ గారు సోమవారం రమ్మన్నారు. ఈ మూడు రోజులు ఎలా గడపాలో తెలియట్లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: అడినోకార్సినోమా, మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్, సబ్‌సెరోసా వరకు వెళ్లింది, అంచులు క్లియర్. లింఫ్ నోడ్స్ మొత్తం 24, మూడింటిలో మెటాస్టాసిస్. మిగతా నోడ్స్‌లో రియాక్టివ్ ఫాలిక్యులర్ హైపర్‌ప్లేసియా, సైనస్ హిస్టియోసైటోసిస్. పీటీ3 ఎన్2.

మూడింటి సంగతి అర్థమైంది. మిగతా 21లో కూడా ఏదో ప్లేసియా, ఏదో సైటోసిస్ అని ఉందే, అవీ చెడిపోయాయనా? మా బావ నెట్‌లో వెతికి హిస్టియోసైటోసిస్ అని వేరే జబ్బు ఉందట, అది కూడా వచ్చిందేమో అన్నాడు. అప్పటి నుంచి అమ్మ అన్నం ముట్టలేదు. నాన్నకి ఇంకా క్యాన్సర్ అని చెప్పలేదు, అల్సర్ అనే చెప్పాం.

లబ్బీపేట_అక్క | శుక్రవారం, రాత్రి 11:05

తమ్ముడూ, ముందు మీ బావ చేతిలోంచి ఫోన్ లాక్కో. ఆ మాట మా అత్తగారి రిపోర్టులో కూడా ఉంది, అది జబ్బు కాదు. ఎలా కాదో సరిగ్గా చెప్పడం నాకు రాదు, మాస్టారు గారు పొద్దున్నే వస్తారు. అమ్మకి అన్నం పెట్టు.

స్లైడ్_మాస్టారు | శనివారం, ఉదయం 5:52

శ్రీ బ్రాడీపేట గారికి. ముప్పై ఏళ్లు మైక్రోస్కోపులో కన్ను పెట్టి బతికినవాణ్ణి, ఇప్పుడు రిటైర్ అయ్యాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

చిన్నప్పుడు కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కట్టేది, గుర్తుందా? ఆ బిళ్లే లింఫ్ నోడ్. ముల్లు గుచ్చుకుంది పాదంలో, ఉబ్బింది గజ్జల్లో. పాదం నుంచి వచ్చే లింఫ్ అనే పల్చటి ద్రవం ఆ దారినే పోతుంది, దాంట్లో సూక్ష్మజీవుల ముక్కలు కనబడగానే అక్కడి కణాలు పని మొదలుపెడతాయి, అందుకే ఉబ్బుతుంది. ఆ బిళ్లని కోసి నా ముందు పెట్టి ఉంటే మీ రిపోర్టులో ఉన్న మాటలే రాసేవాణ్ణి.

నోడ్ చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది. పై పొరలో గుండ్రటి గుంపులుంటాయి, అవి ఫాలికిల్స్, బి కణాల ఇల్లు. యాంటీబాడీ తయారీ పని పడితే ఈ గుంపులు పెద్దవై మధ్యలో తేలిక రంగులో ఒక కేంద్రం కనిపిస్తుంది. ఇదే ఫాలిక్యులర్ హైపర్‌ప్లేసియా. గుంపుల మధ్య ఉండేవి టి కణాలు, శత్రువుని గుర్తుపట్టి దాడి చేసే సైనికులు. లోపల లింఫ్ పారే సన్నటి కాలవలుంటాయి, వాటినే సైనస్‌లు అంటాం. ఆ కాలవల్లో చెత్త మింగే పెద్ద కణాలు కాపలా ఉంటాయి, వాటి పేరు హిస్టియోసైట్లు. వాళ్లు ఎక్కువమంది చేరితే సైనస్ హిస్టియోసైటోసిస్. కాలవలో ఊడ్చేవాళ్లు పెరిగారు, అంతే. మీ బావగారు చూసిన హిస్టియోసైటోసిస్ జబ్బులు అరుదైనవి, వేరే వ్యవహారం, పేరు మాత్రమే కలిసింది. మా పాథాలజీ వాళ్లకి పేర్లు పెట్టడం రాదు, ఒప్పుకుంటాను.

పొట్టలో గడ్డ ఉన్నప్పుడు దాని ముక్కల్ని డెండ్రైటిక్ కణాలు మోసుకొచ్చి పక్కనున్న నోడ్‌లో టి కణాలకి చూపిస్తాయి. పుండు, ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఇదే జరుగుతుంది. మీ నాన్నగారి 21 నోడ్స్ అలా మేలుకున్నవి, రియాక్టివ్ అంటే అదే, వాటిలో క్యాన్సర్ లేదు. ఈ మాట అమ్మగారికి చెప్పండి.

బ్రాడీపేట_4వలైను | శనివారం, ఉదయం 6:30

సార్, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. "గజ్జల్లో బిళ్ల" దగ్గర ఆపి మళ్లీ చదవమంది. కాఫీ తాగింది. చాలా థాంక్స్ సార్.

పటమట_ప్రసాద్ | శనివారం, ఉదయం 8:14

నాకు 2019లో ఆపరేషన్, మొత్తం పొట్ట తీసేశారు, నేను ఇంకా ఇక్కడే ఉన్నా చూడండి. మాస్టారూ ఒక డౌట్. నోడ్స్ మేలుకుని ఫైట్ చేస్తున్నాయంటే మనకి ప్లస్ పాయింటే కదా, మరి డాక్టర్లు ఆ మాట చెప్పరేం? నా రిపోర్టులో కూడా రియాక్టివ్ అని ఉండే ఉంటుంది, అందుకే బతికానేమో. నా మటుకు నాకు ఇది పెద్ద విషయంలాగే ఉంది.

మంగళగిరి_మగ్గం | శనివారం, ఉదయం 9:40

అన్నా, నాకూ అదే అనిపించింది. మా అమ్మ రిపోర్టు మొన్న బుధవారం వచ్చింది. నోడ్స్ 6 చూశారు, ఆరూ నెగటివ్, అన్నీ రియాక్టివ్ అని ఉంది. పీటీ2 ఎన్0. ఆపరేషన్ చేసిన డాక్టర్ గారు "కీమో అక్కర్లేదమ్మా, మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలు" అన్నారు. ఇంట్లో పండగలా ఉంది. ఆరింటికి ఆరూ రియాక్టివ్ అంటే అమ్మ ఒళ్లు బాగా ఫైట్ చేసినట్టే కదా?

స్లైడ్_మాస్టారు | శనివారం, ఉదయం 11:20

ప్రసాద్ గారు అడిగిన ప్రశ్న పాతది. 1950లలోనే అమెరికాలో మారిస్ బ్లాక్ అనే పాథాలజిస్టు రొమ్ము, పొట్ట క్యాన్సర్ల స్లైడ్లు ముందేసుకుని, నోడ్స్‌లో సైనస్ హిస్టియోసైటోసిస్ బాగా ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారని రాశాడు. ఇమ్యూనిటీ మీద ఇంత గొడవ లేని రోజుల్లో ఆ మాట అన్నాడంటే గొప్పే. తర్వాత చాలామంది అదే పని చేశారు. కొందరికి అవునని వచ్చింది, కొందరికి తేడా ఏమీ కనబడలేదు. కారణం చెప్తాను. "ఎక్కువ" అంటే ఎంత అనేది ఒక్కో పాథాలజిస్టుకి ఒక్కోలా ఉంటుంది, నేను మధ్యాహ్నం భోజనం ముందు చూస్తే ఒక గ్రేడు, తిన్నాక చూస్తే ఇంకో గ్రేడు. రెండోది, పుండుకి ఇన్‌ఫెక్షన్ ఉన్నా నోడ్ ఇలాగే ఉబ్బుతుంది, ఆ ఉబ్బు క్యాన్సర్ మీద కోపమో, పుండు మీద కోపమో స్లైడు చెప్పదు. మూడోది, గడ్డ కూడా ఊరుకోదు. నోడ్‌ని నిద్రపుచ్చే సంకేతాలు పంపుతుంది, టి కణాల్ని అణచే కణాల్ని పెంచుతుంది. ఆ అణచివేత పిడికిలి విప్పే మందులే ఇప్పటి ఇమ్యునోథెరపీ. దానికి దారి చూపినందుకే 2018లో ఆలిసన్‌కీ, హోంజోకీ నోబెల్ ఇచ్చారు.

కాబట్టి రియాక్టివ్ అనేది మంచి మాటే, కానీ దాన్ని చూసి ఇన్నేళ్లు బతుకుతారని ఎవరూ చెప్పలేరు, దాన్ని బట్టి కీమో ఇవ్వడం మానడం అసలే జరగదు. స్టేజి లెక్కలో ఆ మాటకి చోటు లేదు. ప్రసాద్ గారూ, మీరు బతికింది సర్జన్ చేతి వల్లా, కీమో వల్లా, కొంత మీ అదృష్టం వల్లా.

మంగళగిరి గారూ, మీతో విడిగా మాట్లాడాలి. కంగారు పడకండి, కానీ ఆరు నోడ్స్ అనేది నాకు నచ్చలేదు.

కత్తి_పట్టని_సర్జన్ | శనివారం, మధ్యాహ్నం 12:02

సర్జరీ పీజీ రెండో సంవత్సరం ఇక్కడ, రిట్రాక్టర్ పట్టుకునే బతుకు. మాస్టారు గారు విడిగా అన్నారు కానీ అందరూ తెలుసుకోవాల్సింది కాబట్టి ఇక్కడే రాస్తున్నా, ఏమనుకోవద్దు సార్.

పొట్ట క్యాన్సర్‌లో టీ అంటే గడ్డ పొట్ట గోడలో ఎంత లోతుకి దిగిందో, ఎన్ స్టేజి అంటే కేవలం పాజిటివ్ (క్యాన్సర్ ఉన్న) నోడ్స్ లెక్క. ఒకటి రెండు అయితే ఎన్1, మూడు నుంచి ఆరు ఎన్2, ఏడు నుంచి పదిహేను ఎన్3ఏ, పదహారు ఆ పైన ఎన్3బి. శ్రీను అన్నా (అని పిలుస్తున్నా, పేరు తెలియదు), మీ నాన్నగారిది టీ3 ఎన్2 అంటే స్టేజి 3ఏ. క్యాన్సర్ స్టేజీల పుస్తకం ఎనిమిదో ఎడిషన్ ప్రకారం కనీసం 16 నోడ్స్ చూడాలి, 30 చూస్తే ఇంకా మంచిది. 24 అంటే సర్జనూ ల్యాబూ ఇద్దరూ కష్టపడ్డారు. 6 చూసి ఎన్0 అంటే "ఆరింటిలో లేదు" అనే తప్ప "లేదు" అని కాదు.

నిడమర్రు_నాని | శనివారం, మధ్యాహ్నం 12:31

అసలు నోడ్సే మన సైన్యం అయినప్పుడు వాటిని పీకెయ్యడం ఎందుకు? అక్కడే ఉంచితే కదా ఫైట్ చేసేది. ఇవన్నీ కోసి బిల్లు పెంచడానికే అని నా అభిప్రాయం. తిప్పతీగ, వేపచిగురు, ఇంకో మూడు ఆకులు కలిపి మా ఊళ్లో ఒకాయన కషాయం ఇస్తాడు, నోడ్స్ వాటంతటవే కరిగిపోతాయి. నంబర్ కావాల్సినవాళ్లు

మోడరేటర్ | శనివారం, మధ్యాహ్నం 12:40

నంబర్ తీసేశాం. నాని గారూ ఇది మూడోసారి. ప్రశ్న మాత్రం ఉంచుతున్నాం, అది మంచి ప్రశ్నే.

కత్తి_పట్టని_సర్జన్ | శనివారం, మధ్యాహ్నం 1:15

ప్రశ్న నిజంగా మంచిదే, థియేటర్‌లో నాకూ వచ్చింది, అడిగితే చీవాట్లు తిన్నాను. ఒంట్లో నోడ్స్ కొన్ని వందలున్నాయి, తీసేవి పొట్ట చుట్టూ, దానికి రక్తం తెచ్చే ధమనుల వెంట ఉన్నవి మాత్రమే. రెండో సంగతి, చేత్తో పట్టుకుని ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పలేం. పెద్దగా మెత్తగా ఉన్నది ఉత్త రియాక్టివ్ అవుతుంది, పెసరగింజంత ఉన్నదాంట్లో క్యాన్సర్ ఉంటుంది. సీటీలో కూడా అంతే, "నోడ్స్ పెద్దవయ్యాయి" అని రాస్తే అది వాపో వ్యాధో స్కాన్‌కి తెలియదు.

ఎంతవరకు తీయాలనేదాని మీద పెద్ద యుద్ధమే జరిగింది. పొట్టకి ఆనుకుని ఉన్నవి తీస్తే డి1, ధమనుల వెంట ఉన్నవి కూడా తీస్తే డి2. జపాన్ వాళ్లు ఎప్పటి నుంచో డి2 చేస్తున్నారు, ఒక్కో నోడ్ స్టేషన్‌కి రైల్వే వాళ్లలాగా నంబర్లు పెట్టి మరీ. నెదర్లాండ్స్‌లో రెండిటినీ పోల్చి చూస్తే మొదట 1999లో డి2 ఓడిపోయింది, ఆపరేషన్ టేబుల్ చుట్టుపక్కల చావులే 10 శాతం, డి1లో 4. దానికి ముఖ్య కారణం ప్లీహం, క్లోమం తోక కూడా కోసెయ్యడం. అదే పేషెంట్లని పదిహేనేళ్లు వెంబడించి 2010లో మళ్లీ లెక్క చూస్తే కథ తిరగబడింది: పొట్ట క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు డి1లో 48 శాతం, డి2లో 37. ఇప్పుడు ప్లీహం జోలికి పోకుండా డి2 చేస్తారు. నాని అన్నా, సైన్యంలో శత్రువు దూరిన గుడారాలు ఏవో తెలియనప్పుడు ఆ వీధి మొత్తం ఖాళీ చేయించడమే.

లబ్బీపేట_అక్క | శనివారం, మధ్యాహ్నం 2:20

పీజీ గారూ చక్కగా చెప్పారు, మీ ప్రొఫెసర్ కంటే మీరే నయం. పాపం మంగళగిరి తమ్ముడు ఏమైపోయాడో చూడండి ఎవరన్నా.

మంగళగిరి_మగ్గం | శనివారం, మధ్యాహ్నం 3:05

తమ్ముణ్ణి కాదక్కా, చెల్లిని. ఉన్నాను. చదువుతూనే ఉన్నాను. కాళ్లు చల్లబడ్డాయి. ఇప్పుడు ఏం చెయ్యాలి, మళ్లీ ఆపరేషనా?

స్లైడ్_మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 3:30

అమ్మా, ఆపరేషన్ వద్దు. ఇంత తొందరగా మీరు ఇక్కడ రాయడం మంచిదైంది.

ఆరే దొరకడానికి మూడు కారణాలుంటాయి. సర్జన్ తక్కువ తీసి ఉండొచ్చు. కొందరి ఒంట్లోనే చిన్నవిగా ఉండొచ్చు. చాలాసార్లు జరిగేది మూడోది, ల్యాబులో వెతికినవాళ్లు అక్కడితో ఆపేశారు. నోడ్స్ వెతకడమంటే ఏమిటో చెప్తాను. పొట్టకి అతుక్కుని పసుపుపచ్చ కొవ్వు వస్తుంది, దాన్ని ఫార్మలిన్‌లో నానబెట్టి, పల్చటి పలకలుగా కోస్తూ, వేళ్ల మధ్య నలుపుతూ గింజల్లా తగిలినవాటిని ఏరాలి. కళ్లు మండుతాయి, చేతులు మొద్దుబారతాయి. సాయంత్రం అయిదున్నరకి కొత్తగా చేరిన కుర్రాడికి ఆ పని అప్పజెప్తే ఆరు దొరికాయి సార్ అంటాడు. నేను కూడా అనే ఉంటాను ఒకప్పుడు. జపాన్‌లో సర్జన్లే ఆపరేషన్ అయ్యాక కూర్చుని నోడ్స్ ఏరి స్టేషన్ల వారీగా డబ్బాల్లో పెట్టి పంపుతారు, వాళ్ల లెక్కలు అంత పెద్దగా ఉండడానికి అదొక కారణం.

చూసేసిన స్లైడ్లు, మైనపు బ్లాకులు ఏళ్ల తరబడి ఉంటాయి. కానీ ఫార్మలిన్‌లో ఉన్న మిగతా ముక్కని రిపోర్టు ఇచ్చాక కొన్ని వారాలే ఉంచుతారు, తర్వాత పారేస్తారు. బుధవారం రిపోర్టు కాబట్టి ఇంకా ఉంటుంది. సోమవారం పొద్దున్నే వెళ్లి "మిగిలిన కొవ్వులో ఇంకా నోడ్స్ వెతకండి" అని ఒక కాగితం రాసివ్వండి, మీ సర్జన్ గారి చేత సంతకం పెట్టిస్తే ఇంకా మంచిది. గొడవ పడకండి. ఇది మామూలుగా జరిగే పనే, మాలో ఎవరూ తప్పుగా తీసుకోరు. తీసుకుంటే వాళ్ల ఖర్మ.

పటమట_ప్రసాద్ | శనివారం, సాయంత్రం 6:48

నా రిపోర్టు బీరువాలోంచి తీసి చూశా. 31 నోడ్స్, 2 పాజిటివ్. "రియాక్టివ్" అనే మాటే లేదు. ఇన్నేళ్లూ ఆ 31 అంకెని నేను చూడనే లేదు.

బ్రాడీపేట_4వలైను | ఆదివారం, రాత్రి 9:15

ఒక సంగతి జరిగింది, రాయకుండా ఉండలేకపోతున్నా. మధ్యాహ్నం వరండాలో కూర్చుని అమ్మకి ఈ పోస్టులన్నీ చదువుతున్నా. నాన్న లోపల పడుకున్నాడనుకున్నాం. వెనక నుంచి "ఆ మూడు అంకె ఇంకోసారి చదవరా" అన్నాడు. మా ఇద్దరికీ నోట మాట రాలేదు. "ఆస్పత్రిలో రెండో రోజే ఫైలు చూశాను, కీమో వార్డు పక్కన మంచం వేసి అల్సర్ అంటే నమ్మడానికి నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా, మీరు బాధపడతారని ఊరుకున్నా" అన్నాడు. మూడు వారాలుగా ఇంట్లో ముగ్గురం ముగ్గురికీ నాటకం ఆడాం.

తర్వాత మొత్తం వినిపించమని కూర్చున్నాడు. విన్నాక ఏమన్నాడో ఆయన మాటల్లోనే పెడుతున్నా (టిక్కీ అంటే మిర్చి బస్తా, తేజ ఒక మిర్చి రకం). "లాట్‌లో 24 టిక్కీలు. అన్నీ విప్పి, చెయ్యి అడుగుదాకా పెట్టి చూశారు, మూడింటిలో తాలు కాయ ఉంది. సరే, రేటు తగ్గుతుంది, కానీ లెక్క నమ్మొచ్చు. ఆరు టిక్కీలు విప్పి లాట్ మొత్తం ఏ వన్ తేజ అని చీటీ రాస్తే మాత్రం నేను సంతకం పెట్టను. ఆ అమ్మాయికి చెప్పు, మిగతావి విప్పించమను." మంగళగిరి గారూ, చెప్పాను.

కత్తి_పట్టని_సర్జన్ | ఆదివారం, రాత్రి 9:50

మా డిపార్ట్‌మెంటులో క్లాసు చెప్పించాలి మీ నాన్నగారి చేత.

కొరిటెపాడు_రాణి | ఆదివారం, రాత్రి 10:22

నా ప్రశ్న కొంచెం పక్కకి పోతుంది, క్షమించండి. యార్డులో అన్నేళ్లు ఘాటు పీల్చడం వల్ల వచ్చిందా? లేకపోతే ఆవకాయ వల్లా? మా ఇంట్లో రెండూ ఉన్నాయి, మా ఆయనది కూడా మిర్చి వ్యాపారమే, టెన్షన్‌గా ఉంది.

స్లైడ్_మాస్టారు | సోమవారం, ఉదయం 5:40

రాణి గారూ, కారం మీద గట్టి సాక్ష్యం లేదు. ఉప్పులో ఊరబెట్టినవి రోజూ ఎక్కువ తినడం, పొగాకు, వీటి మీద ఉంది. అందరికంటే పెద్ద ముద్దాయి హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. దాన్ని కనిపెట్టిన వారెన్, మార్షల్‌లకి 2005లో నోబెల్ వచ్చింది, మార్షల్ అయితే నమ్మని వాళ్ల కోసం ఆ సూక్ష్మజీవుల్ని గ్లాసులో పోసుకుని తాగేశాడు. అది చాలామంది పొట్టల్లో ఉంటుంది, అందరికీ క్యాన్సర్ రాదు. కానీ అమ్మానాన్నలకో తోబుట్టువులకో పొట్ట క్యాన్సర్ ఉంటే పిల్లలు టెస్టు చేయించుకుని, ఉంటే మందులతో పోగొట్టుకోవడం మంచిది. కొరియాలో అలాంటి కుటుంబాల మీద చేసిన పరిశోధన 2020లో వచ్చింది, మందు వాడినవాళ్లలో క్యాన్సర్ సగానికి పైగా తగ్గింది. బ్రాడీపేట గారూ, ఇది మీకూ వర్తిస్తుంది. ఆవకాయ అన్నంలో ముద్దకి సరిపడా వేసుకోండి, జాడీ ముందు పెట్టుకోవద్దు.

బ్రాడీపేట_4వలైను | సోమవారం, రాత్రి 8:30

డాక్టర్ గారిని కలిశాం. నాన్నని కూడా లోపలికి తీసుకెళ్లా, మొదటిసారి. కీమో మొదలుపెడతారు, కాపెసిటబిన్ మాత్రలు రెండు వారాలు, మొదటి రోజు ఆక్సాలిప్లాటిన్ సెలైన్‌లో, మూడు వారాలకోసారి, మొత్తం ఎనిమిది సార్లు. డి2 ఆపరేషన్ అయినవాళ్ల మీద కొరియా, చైనా, తైవాన్‌లలో చేసి చూసిన పద్ధతి అట, అయిదేళ్లకి బతికున్నవాళ్లు ఉత్త ఆపరేషన్‌తో 69 శాతం, ఈ మందు కలిపితే 78 అని చెప్పారు. నాన్న "తొమ్మిది టిక్కీలు తేడా, తక్కువేం కాదు" అన్నాడు.

రియాక్టివ్ గురించి అడిగా. ఆవిడ నవ్వి, "అది సంతోషించాల్సిందే, కానీ నేను దాని మీద మందు రాయను" అన్నారు. మాస్టారు గారి మాటే. కాకపోతే బ్లాకు మీద ఇంకో టెస్టు పంపుతున్నారు, ఎమ్మెమ్మార్ అట. ఎందుకో సరిగా అర్థం కాలేదు.

స్లైడ్_మాస్టారు | మంగళవారం, ఉదయం 5:45

మంచి డాక్టర్. ఇమ్యూనిటీ సంగతి నిజంగా పనికొచ్చేది ఈ టెస్టు దగ్గరే. కొన్ని గడ్డల్లో డీఎన్‌ఏ తప్పులు దిద్దే యంత్రాంగం, ఎమ్మెమ్మార్ అంటే అదే, పాడైపోయి ఉంటుంది. తప్పులు కుప్పలుగా పేరుకుపోతాయి, అందువల్ల గడ్డ మన కణాలకి పరాయిదానిలా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, టి కణాలు లోపలికి చొరబడతాయి. 2014లో అమెరికా వాళ్లు 295 పొట్ట గడ్డల జన్యువుల్ని విప్పి నాలుగు జాతులుగా విడదీస్తే ఇలాంటివి 22 శాతం తేలాయి. ఎప్‌స్టీన్ బార్ వైరస్ ఉన్నవి ఇంకో 9 శాతం, వాటిలో లింఫోసైట్లు (ఆ బి, టి కణాలే) ఎంత కిక్కిరిసి ఉంటాయంటే కొత్తవాడు చూస్తే ఇది నోడా గడ్డా అని తికమక పడతాడు. ఈ రెండు జాతులకీ సాధారణంగా ఆపరేషన్ తర్వాత ఫలితం మెరుగు, ఇమ్యునోథెరపీ కూడా మిగతావాటికంటే బాగా పనిచేస్తుంది. ఎమ్మెమ్మార్ చెడినవాళ్లకి మామూలు కీమో వల్ల ఎంత లాభం అనేది కూడా ఆలోచించి ఇస్తారు. నోడ్ ఉబ్బిందా లేదా అని చూసే కంటే గడ్డలోకి సైనికులు దూరారా లేదా అని చూడటం మేలని ఇప్పుడు తెలిసింది.

పటమట_ప్రసాద్ | మంగళవారం, ఉదయం 9:05

తమ్ముడూ, ఆక్సాలిప్లాటిన్ గురించి నా దగ్గర వినండి. ఎక్కించిన నాలుగైదు రోజులు చల్లటిది ముట్టుకోకూడదు. ఫ్రిజ్ తలుపు మీ నాన్న తీయకూడదు. నేను మే నెల ఎండలో మర్చిపోయి చల్లటి మజ్జిగ ఒక్క గుటక వేశా, గొంతులో సూదులు గుచ్చినట్టై ఊపిరి ఆగిపోయిందనుకున్నా. గోరువెచ్చని నీళ్లే. రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం తినాలి, తీపి టీ, జ్యూసు తాగితే పావుగంటలో గుండె దడ, చెమటలు, డంపింగ్ అంటారు దాన్ని. అరచేతులకి, అరికాళ్లకి కొబ్బరినూనె రాయండి, ఆ మాత్రలతో చర్మం మండి పొట్టు లేస్తుంది.

బ్రాడీపేట_4వలైను | మే, గురువారం, రాత్రి 7:40

చాలా రోజులైంది. నాన్నకి మూడో సైకిల్ అయింది. ఎమ్మెమ్మార్ నార్మల్ అని వచ్చింది, కాబట్టి అదే కీమో నడుస్తోంది. నాలుగు కిలోలు తగ్గాడు, ఒకటి మళ్లీ పెరిగాడు. గుంటూరు ఎండకి బయట 44 ఉంటే ఈయన వేడినీళ్లు తాగుతూ అందర్నీ తిడుతున్నాడు. యార్డుకి వేసవి సెలవులు కాబట్టి పోయిందేమీ లేదంటాడు. మంగళగిరి గారు ఏమయ్యారో ఎవరికైనా తెలుసా?

మంగళగిరి_మగ్గం | మే, గురువారం, రాత్రి 10:55

ఉన్నానండి. రాయాలంటే చెయ్యి రాలేదు.

ఆ సోమవారం వెళ్లా. మొదట కౌంటర్‌లో "రిపోర్టు ఇచ్చేశాం కదా, ఇంకేంటి" అన్నారు. సర్జన్ గారి సంతకం ఉన్న కాగితం చూపిస్తే లోపల ఒక మేడమ్ బయటికి వచ్చి, డబ్బా ఇంకా ఉందని, తనే చూస్తానని చెప్పింది. వారం పట్టింది. ఇంకో పదమూడు నోడ్స్ దొరికాయి. అందులో ఒకటి పాజిటివ్. 19లో 1. ఆ ఒక్కటీ నాలుగు మిల్లీమీటర్లు అట. స్టేజి 1బి కాస్తా 2ఏ అయింది.

ఆ రోజు ఇక్కడ మీ అందరి మీదా కోపం వచ్చింది, అబద్ధం చెప్పను. ఎన్0 అని ఇల్లంతా నవ్వుతుంటే మీరే చెడగొట్టినట్టు అనిపించింది. కీమో మొదలైంది, రెండు సైకిల్స్ అయ్యాయి. ఆ మేడమ్‌కి వెళ్లి దండం పెట్టి వచ్చాను. మిగతా 18 రియాక్టివ్ అనే రాసింది, ఈసారి ఆ మాట ఎవరికీ చదివి వినిపించలేదు.

అమ్మకి మాత్రం ఇంకా పుండు అనే చెప్పాం. "పుండుకి జుట్టు పల్చబడే మందేంటే" అని అడిగింది నిన్న. మగ్గం దగ్గర కూర్చుని గంట సేపు మాట్లాడలేదు. ఎలా చెప్పాలో తెలియట్లేదు.

బ్రాడీపేట_4వలైను | మే, గురువారం, రాత్రి 11:20

చదివి వినిపించాను. నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పంతొమ్మిది విప్పించింది, గట్టి పిల్ల" అన్నాడు. మీరు సరేనంటే మీ అమ్మగారితో ఫోన్‌లో మాట్లాడతానంటున్నాడు. చెప్పకూడనిది ఏమీ చెప్పడట, తన కీమో గురించి తను మాట్లాడుకుంటాడట, ఆవిడ అడిగితే అప్పుడు చూద్దామంటున్నాడు. నంబర్ ఇక్కడ వద్దు, మెసేజ్‌లో పెట్టండి.

మంగళగిరి_మగ్గం | మే, శుక్రవారం, ఉదయం 6:10

పెట్టానండి. సాయంత్రం నాలుగు తర్వాత చెయ్యమనండి, ఆ టైంకి జావ తాగి లేచి కూర్చుంటుంది.